ఐదు గ్లాసుల పాలు, సగం కొరికిన బలపం

ఆ రోజు మంగళవారం. పొద్దున్నే టీమ్ కాల్ నడుస్తోంది. నా వంతు రాబోతుండగా వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వచ్చి పడింది. ల్యాబ్ వాళ్లు పంపిన మా మేనకోడలి రక్త పరీక్ష రిపోర్టు. తెరిస్తే మొదటి వరసలోనే ముద్దగా కనిపించింది: హిమోగ్లోబిన్ 8.9. పక్కన కిందికి చూపిస్తున్న బాణం గుర్తు.

"మ్యూట్‌లో ఉన్నావ్ బాస్" అని మేనేజర్ రెండుసార్లు అన్నాక గానీ నాకు వినపడలేదు.

మా చిట్టికి నాలుగున్నరేళ్లు. అక్క కూతురు. బావ ఖతార్‌లో ఉంటాడు. అక్కా, పిల్లా మొదట్నుంచీ నిజాంపేటలో మా ఫ్లాట్‌లోనే ఉండేవాళ్లు. కిందటేడు అక్కకి ఉద్యోగం వచ్చింది గానీ పోస్టింగ్ వేరే జిల్లాలో ఇచ్చారు. మధ్యలో స్కూలు మార్చడం ఎందుకని పిల్లని మా దగ్గరే ఉంచి వెళ్లింది. శనివారం రాత్రి బస్సు దిగుతుంది, సోమవారం తెల్లారకముందే మళ్లీ బస్సెక్కుతుంది. మిగతా రోజుల్లో ఇంట్లో నేను, అమ్మ, చిట్టి. నాకు వారంలో మూడు రోజులు ఇంటి నుంచే పని. పెళ్లి కాలేదు. పిల్లల పెంపకం గురించి నాకు తెలిసిందంతా రీల్స్‌లో చూసిందే.

పిల్ల కొన్నాళ్లుగా తేడాగా ఉంది. రెండో అంతస్తుకి మెట్లెక్కాలంటే సగంలో చేతులు చాచి ఎత్తుకోమనేది. పార్కులో మిగతా పిల్లలు పరిగెడుతుంటే బెంచీ మీద కూర్చునేది. అమ్మ దిష్టి అనుకుని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పడేసింది. స్కూల్లో టీచర్ ఒకరోజు పిలిచి, "మీ పాప బలపాలు తింటోందండీ. రాయమంటే కొరుకుతోంది" అని చెప్పారు. ఇంటికొచ్చి చెప్తే అమ్మ నవ్వేసింది. "నేనూ తిన్నా చిన్నప్పుడు. మీ అక్కా తినింది. కమ్మగా ఉంటాయి రా."

అక్క కూడా తిన్నదని వినగానే నవ్వేసి వదిలేశాను. ఇప్పుడు తల్చుకుంటే ఆ మాట దగ్గరే ఆగి ఉండాల్సింది అనిపిస్తుంది.

పిల్లల డాక్టర్ గారు చిట్టి కింది కనురెప్ప లాగి చూశారు. అరచేతులు చూశారు. తర్వాత ఒక్కటే అడిగారు. "పాలు ఎన్నిసార్లు తాగుతుంది?"

అమ్మ మొహం వెలిగిపోయింది. "ఐదు గ్లాసులండీ. అన్నం ముట్టకపోయినా పాలు మాత్రం మానదు. లేవగానే ఒకటి, స్కూలుకి వెళ్లేముందు ఒకటి, రాగానే ఒకటి, సాయంత్రం ఒకటి, పడుకునేముందు ఒకటి. పౌడర్ కూడా కలుపుతాం, బలానికి."

డాక్టర్ గారు పెన్ను కింద పెట్టేశారు.

ఆవిడ చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. ఆవు పాలల్లో, గేదె పాలల్లో కాల్షియం బాగా ఉంటుంది, ఐరన్ మాత్రం దాదాపు లేనట్టే. పైగా ఆ కాల్షియమే వేరే తిండిలోంచి వచ్చే ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు. వీటన్నిటికంటే ముఖ్యం, రోజుకి లీటరు పాలు పట్టే పొట్టలో అన్నానికి చోటెక్కడిది? పిల్ల తినట్లేదని పాలు పోస్తున్నాం, పాలు పోస్తున్నాం కాబట్టి పిల్ల తినట్లేదు. ఇదే చక్రం ఏడాదిన్నరగా మా ఇంట్లో తిరుగుతోంది.

"మరి బలపాలు?" అని అడిగా.

"ఐరన్ తక్కువైన పిల్లలకి సుద్ద, మట్టి, గోడ సున్నం ఇలాంటివి తినాలనిపిస్తుంది. అది అల్లరి కాదు, లక్షణం. కొట్టకండి." నులిపురుగుల మందు ఒక డోసు రాశారు. ఐరన్ సిరప్ మూడు నెలలకి రాశారు. పాలతో కలిపి ఇవ్వొద్దు, తిండికీ తిండికీ మధ్యలో నిమ్మరసంతోనో నారింజ రసంతోనో ఇవ్వండి, నెల తర్వాత మళ్లీ పరీక్ష చేయించండి అన్నారు. పాలు మొత్తం కలిపి అర లీటరు దాటకూడదు. పౌడర్ అవసరం లేదు.

ఇంటికొచ్చాక రాత్రి నిద్ర పట్టక లెక్కలు వెతికాను. ఐదేళ్లలోపు పిల్లలకి హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత కింద లెక్క. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలలు దాటిన, ఐదేళ్లలోపు పిల్లల్లో దేశం మొత్తం మీద 67 శాతానికి పైగా రక్తహీనత ఉంది. తెలంగాణలో 70 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 63. అంటే మా అపార్ట్‌మెంట్ పార్కులో పదిమంది చిన్నపిల్లలు ఆడుతుంటే ఆరేడుగురు మా చిట్టిలాంటి వాళ్లే కావచ్చు. పేదరికం వల్ల మాత్రమే వచ్చే జబ్బు అనుకునేవాణ్ని. మా ఫ్రిజ్ ఎప్పుడూ తలుపు పట్టనంత నిండుగా ఉంటుంది.

సరే, సమస్య దొరికింది కదా, ఇక మనం చేయాల్సింది చేద్దాం అనుకున్నా. ఇంజనీర్ బుర్ర కదా, ముందు ఎక్సెల్ తెరిచా. మన తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు 2017లో విడుదల చేసిన ఆహార పదార్థాల పోషక విలువల పట్టిక డౌన్‌లోడ్ చేశా. ఐదొందలకు పైగా పదార్థాలు, ఒక్కో దానిలో ఏది ఎంత ఉందో మిల్లీగ్రాముల్లో ఉంటుంది. నూరు గ్రాముల రాగుల్లో 364 మిల్లీగ్రాముల కాల్షియం. అదే బరువు పాలల్లో దాని మూడో వంతు. ఇలాంటివి చూస్తుంటే నాకు క్రికెట్ స్కోర్లు చూసినంత ఉత్సాహం వచ్చింది. వారానికి ఇరవై ఎనిమిది గడుల పట్టిక వేశా, రంగులతో.

ఆదివారానికల్లా బెంటో డబ్బా ఆర్డర్ పెట్టా. నక్షత్రాల ఆకారంలో క్యారెట్లు కోసే కట్టర్లు. పాండా ఇడ్లీ చేసే అచ్చు.

పాండా ఇడ్లీ గురించి చెప్పాలి. రెండు మిరియాలు కళ్లు, నల్ల నువ్వుల చెవులు. నలభై నిమిషాలు పట్టింది. చిట్టి ప్లేటు కేసి చాలాసేపు చూసింది. "బాగుంది మావయ్యా" అంది. సంతోషపడ్డా. "తిను మరి" అన్నా. "వద్దు, పాపం" అంది. పాండాని ఫ్రిజ్‌లో పెట్టించి, దానికి దుప్పటి కప్పమంది. నాలుగు రోజులు అది అక్కడే ఉంది, టిష్యూ కప్పుకుని.

రాగిజావ చేస్తే "బురద" అంది. రాగి బ్రౌనీ నాకే నచ్చలేదు. బీట్‌రూట్ దోసె చూసి దెబ్బ తగిలిందా అని అడిగింది.

అప్పుడు నేను అందరూ చేసే పనే చేశా. దాచిపెట్టడం మొదలెట్టా.

మీరూ చూసే ఉంటారు ఆ వీడియోలు. పిల్లలకి తెలియకుండా కూరగాయలు తినిపించే పది చిట్కాలు. పాలకూర ఉడికించి, మెత్తగా రుబ్బి, చపాతీ పిండిలో కలిపా. సొరకాయ తురిమి దోసెల పిండిలో వేశా. మొదటి రెండు రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. నా స్నేహితుల గ్రూపులో ఫొటోలు కూడా పెట్టా. సిరప్ విషయంలో మాత్రం ప్రతిరోజూ యుద్ధమే. మూతి బిగించేది, ఉమ్మేసేది. బట్టల మీద ఇనుప మరకలు. ఐదో రోజు విసుగొచ్చి సిరప్‌ని పాలల్లో కలిపేశా.

పాలతో ఇవ్వొద్దని డాక్టర్ స్పష్టంగా చెప్పారు. నాకు గుర్తుంది కూడా. అసలేం వెళ్లకపోవడం కంటే కొంచెమైనా వెళ్తుంది కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా.

చిట్టి ఒక్క గుక్క తాగి ఆగిపోయింది. "ఇందులో ఏం కలిపావ్?"

"ఏం కలపలేదు నాన్నా."

గ్లాసు కింద పెట్టి, నడుచుకుంటూ వంటింట్లోకి వెళ్లింది. సింక్ పక్కన సిరప్ మూత ఉంది, గోధుమరంగు చుక్కతో. దాన్ని చూసింది, నన్ను చూసింది. ఏడవలేదు, అరవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది.

ఆ రోజు నుంచి నా చేతి తిండి ముట్టడం మానేసింది. చపాతీ చింపి లోపల చూసేది. దోసెని వెలుతురుకి ఎత్తి పట్టుకునేది. పప్పులో గరిటె తిప్పి వెతికేది. చివరికి తెల్లగా ఉన్నవి మాత్రమే తింటా అని తేల్చేసింది. తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ, పాలు. ఏమీ కలపకుండా, తన కళ్లముందు పోసిన పాలు. ఆకుకూరలు తినిపించబోయి, అంతకుముందు తినే నాలుగు రకాలు కూడా పోగొట్టా. "మావయ్య అన్నంలో అబద్ధాలు పెడతాడు" అని వీడియో కాల్‌లో వాళ్ల నాన్నకి చెప్పింది. బావ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

ఆ శనివారం అక్క వచ్చింది. ఎప్పట్లాగే సంచిలో చిప్స్, చాక్లెట్లు, కప్ కేకులు. పిల్ల ఎగిరి గంతేసింది. నేను సంచి తీసి అటక మీద పెట్టేశా. రిపోర్టు చూపించా. డాక్టర్ చెప్పినవన్నీ వరసగా చెప్పా, బహుశా ఆఫీసులో బగ్ రిపోర్ట్ చదివినట్టే చెప్పి ఉంటా.

అక్క చాలాసేపు ఏం మాట్లాడలేదు. "వారానికి ఒక్కరోజు కనిపించే అమ్మని. నా చేత్తో ఒక్కటి పెట్టుకోనివ్వవా?" అంది.

"అది కాదక్కా..."

"పాలు అలవాటు చేసింది నేనే కదరా. అదేగా నువ్వు అనేది."

నేను అలా అనలేదు. కానీ నా ఎక్సెల్ అలాగే అంది. అక్క బాల్కనీలో బట్టలు ఆరేసే వంకతో నిలబడి ఏడ్చింది. ఆదివారమంతా ఇంట్లో ఎవరూ సరిగ్గా మాట్లాడుకోలేదు. సోమవారం మూడున్నరకి నేనే బండి మీద బస్టాప్‌లో దింపా. దిగి, "జాగ్రత్తగా చూసుకో" అంది, నా మొహం చూడకుండా.

ఇంటికొచ్చేసరికి చిట్టి లేచి, అమ్మ లేదని తెలిసి, వంటింటి గడప మీద కూర్చుని ఉంది. నేనూ పక్కన నేల మీద కూర్చున్నా.

"చిట్టీ, పాలల్లో మందు కలిపా. కలపలేదని అబద్ధం చెప్పా. తప్పు చేశా."

తలెత్తి చూసింది. "చపాతీలో?"

"పాలకూర."

"దోసెలో?"

"సొరకాయ." అన్నీ ఒప్పుకున్నా. ఇడ్లీలో తురిమిన క్యారెట్ సంగతి తనకి తెలియదు, అదీ చెప్పేశా.

సిరప్ సీసా తెచ్చి చేతికిచ్చా. నీ రక్తం ఎర్రగా అవ్వాలంటే ఇది కావాలి, రుచి మాత్రం బాగోదు, నేనూ నాకి చూశా, మేకు నాకినట్టుంది అని చెప్పా. పకపకా నవ్వింది. మేకు ఎప్పుడు నాకావ్ అని అడిగింది. ఆ రోజు మూతలో గీత దాకా తనే పోసింది, నేను సీసా పట్టుకున్నా. ముక్కు మూసుకుని మింగేసి, వెంటనే నిమ్మరసం తాగి, మొహం వికారంగా పెట్టి అద్దంలో చూసుకుంది. ఆ మొహం పెట్టడం తర్వాత రోజూ ఒక ఆట అయిపోయింది. సిరప్ కోసం కాదు, అద్దం కోసం వచ్చేది. పళ్లు నల్లబడకుండా వెంటనే పుక్కిలించడం కూడా ఆ ఆటలో భాగమే.

ఇక పాలు. రెండు గ్లాసులకి తగ్గించాలని ముందే అనుకున్నాం గదా, వారం దాటినా పిల్లకి ఆకలి పుట్టట్లేదేంటా అని ఆలోచించా. రోజూ అర లీటరు ప్యాకెట్లు మూడు వస్తాయి. ఒకటి టీలకి, పెరుగుకి. పిల్లకి ఒక్కటి చాలు. కానీ రాత్రికి మూడూ ఖాళీ. మూడో రోజు చెత్తబుట్టలో ప్యాకెట్లు లెక్కపెట్టి అమ్మని పట్టేసుకున్నా.

"రాత్రి పూట ఏడుస్తా ఉంటే ఎట్టా చూస్తా ఊరుకునేది రా?" అంది అమ్మ. మాది ఒంగోలు దగ్గర పల్లె. కోపమొస్తే అమ్మ మాట అక్కడికే వెళ్తుంది. కాసేపాగి, నన్ను చూడకుండా అంది: "మా ఇంట్లో ఆరుగురు పిల్లలం. ఒక్క గేదె. పాలన్నీ కేంద్రానికే. నాకు జొరం వస్తేనే గ్లాసుడు పాలు ఇచ్చేవాళ్లు. ఇప్పుడు దొరుకుతున్నాయి గదా అని పోశా."

దానికి నా దగ్గర జవాబు లేదు. ఎక్సెల్‌లో దానికి గడి లేదు.

మూడు రాత్రులు కష్టంగా గడిచాయి. పాలు అడిగినప్పుడల్లా మంచినీళ్లు, కథ, లేదంటే అమ్మ వీపు నిమరడం. నాలుగో రోజు పొద్దున చిట్టి వంటింట్లోకి వచ్చి, "అమ్మమ్మా, పొట్టలో ఎవరో మాట్లాడుతున్నారు" అంది. ఆకలి అంటే ఏంటో ఆ పిల్లకి చాలాకాలంగా తెలియదన్నమాట. ఆ పూట రెండు ఇడ్లీలు, పల్లీ చట్నీ. చట్నీ తెల్లది కాదని తనే మర్చిపోయింది.

ఆ వారం సున్నుండలు చేద్దామని అమ్మే అంది. నేను బెల్లం కూడా పంచదార లాంటిదేనమ్మా అని మొదలెట్టబోయి ఆపుకున్నా. (నిజమే అది. బెల్లంలో కొంత ఐరన్ ఉంటుంది గానీ ఆ ఐరన్ సరిపోవాలంటే తినాల్సినంత బెల్లం తింటే ముందు పళ్లు పోతాయి. రోజుకి ఒక్క ఉండ అని ముగ్గురం ఒప్పందం చేసుకున్నాం.) కూకట్‌పల్లి రైతుబజార్‌కి వెళ్లి వస్తూ పొట్టుతో ఉన్న నల్ల మినుములు తెచ్చా. పొట్టు తీసిన తెల్ల పప్పుతో చేసేవి చూడ్డానికి బాగుంటాయి, వాసన మాత్రం నల్లవాటిదే.

రెండు గ్లాసుల మినుములు, గుప్పెడు బియ్యం. మందపాటి మూకుడులో సన్న మంట మీద వేయించాలి. ఇక్కడే తొందరపడకూడదు. పావుగంట పైనే పడుతుంది. మంట పెంచితే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది, పచ్చివాసన వస్తే ఉండ నాలుక్కి అంటుకుంటుంది. వేగాయో లేదో అమ్మ వాసనతో చెప్తుంది. నేను ఫోన్‌లో టైమర్ పెడితే, "దానికి ముక్కుందా?" అని చిట్టి అడిగింది. ముక్కుతో చూసే బాధ్యత తనకే ఇచ్చాం. స్టవ్‌కి దూరంగా స్టూలు మీద కూర్చుని, అమ్మ గరిటెతో తీసి చల్లార్చిన నాలుగు గింజలు వాసన చూసి, "ఇంకా" అనేది. మళ్లీ "ఇంకా". మూడోసారి "ఊఁ" అంది. అమ్మ వెంటనే దించేసింది. నిజంగా వేగాయి, మొహమాటానికి కాదు.

చల్లారాక మిక్సీలో కాస్త బరకగా పొడి కొట్టి, ఒకటిన్నర గ్లాసు బెల్లం తురుము వేసి ఇంకోసారి తిప్పి, కరిగిన నెయ్యి కొద్దికొద్దిగా పోస్తూ ఉండలు చుట్టాలి. చిట్టి చుట్టినవి రేగుపండంత. కొన్ని కోలగా, ఒకటి చదునుగా. చుట్టేటప్పుడు వేళ్ల మధ్యలోంచి రాలిన పొడి నాకేసింది. ఏం కలిపారు అని అడగలేదు. కలిపింది తనే కదా.

అప్పట్నుంచి రంగుల పట్టిక పక్కన పడేశాం. సాయంత్రం నాలుగింటికి వంటింట్లో ఏం జరిగినా చిట్టి ఉండాలి, అదొక్కటే నియమం. తోటకూర ఆకులు తుంచుతుంది. మునగాకు రెబ్బలు దూయడం తనకిష్టమైన పని, సగం నేల మీదే ఉంటాయి. ఆ మునగాకుని నీడన ఆరబెట్టి నువ్వులు, ఎండుమిరప, వెల్లుల్లితో అమ్మ పొడి చేస్తుంది. చిట్టికి కారం తగ్గించి, వేడన్నంలో నెయ్యితో. ఆకు పేరు చెప్పే పెడతాం. కొన్నిసార్లు తింటుంది, కొన్నిసార్లు పక్కకి తోస్తుంది. తోసేస్తే తీసేస్తాం, అంతే. ఒక కొత్త రుచి అలవాటు కావడానికి పిల్లలకి పది పదిహేనుసార్లు పడుతుందట. రెండోసారికే "మా వాడికి ఇది పడదు" అని తేల్చేసేది మనమే.

రాగుల విషయంలో నాకు పట్టుదల ఉండేది. జావ వద్దంటే వద్దంది. మొలకెత్తించి ఆరబెట్టిన రాగిపిండిని దోసెల పిండిలో సగానికి సగం కలిపి, ఇనప పెనం మీద పల్చగా, కరకరలాడేలా వేస్తే మాత్రం "చాక్లెట్ దోసె" అని పేరు పెట్టి తింటోంది. పేరు తను పెట్టింది, నేను కాదు. ఆ ఇనప పెనం అమ్మ పుట్టింటిది, నాన్‌స్టిక్ వచ్చాక మంచం కిందకి పోయింది. పులిసిన పిండి, టమాటా లాంటి పుల్లటివి ఇనప పాత్రల్లో వండితే కొంత ఐరన్ తిండిలోకి దిగుతుంది. తుప్పు వదిలించడానికి నాకు ఒక ఆదివారం పట్టింది.

చిప్స్ బదులు మరమరాలు. అమ్మ బొరుగులంటుంది, చిట్టి స్కూల్లో వేరే పేరు నేర్చుకొచ్చింది, మా ఇంట్లో ఇదో చర్చ. వాటిలో ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, పైన నిమ్మకాయ పిండుతాం. చిన్నపిల్లలకి పల్లీలు గింజలుగా ఇవ్వకండి, గొంతులో అడ్డం పడతాయి. నిమ్మకాయ మాత్రం రుచికే కాదు. పప్పుల్లో, ఆకుకూరల్లో ఉండే ఐరన్ ఒంటికి పట్టాలంటే విటమిన్ సి తోడు కావాలి. అందుకే పప్పన్నం తర్వాత జామకాయ ముక్క ఇస్తాం. జామకాయలో నారింజ కంటే సి విటమిన్ చాలా ఎక్కువ, ధర చాలా తక్కువ.

మాంసం తినే ఇల్లే మాది. వారానికోసారి మేక కార్జం, మిరియాల పొడి వేసి వేయించి, చిన్న ముక్కలు నాలుగు. ఇది ఐరన్ ఉన్న తిండి అని డాక్టర్ గారే చెప్పారు. నాకు చిన్నప్పట్నుంచీ కార్జం అంటే పడదు. చిట్టి అది గమనించింది. "నువ్వు తినవా?" అంది. ఏం చేస్తాం, తిన్నా. ఇద్దరం ఒకే అద్దంలో మొహాలు పెట్టాం. ఇప్పుడు తనకి నచ్చుతుంది, నాకింకా నచ్చదు.

తర్వాతి శనివారం అక్క సంచిలో చిప్స్ లేవు. బత్తాయిలు తెచ్చింది. అది చూసి నాకు ఇంకా బాధేసింది. సంచిలోంచి తీస్తుంటే చిట్టి పరిగెత్తుకెళ్లి స్టీలు డబ్బా తెచ్చింది. కోలగా ఉన్న సున్నుండ ఒకటి వెతికి తీసి, "ఇది నీకని దాచా. నేనే చుట్టా" అని నోటి దగ్గర పెట్టింది. అక్క నోరు తెరిచింది. పొడి గొంతుకి అడ్డం పడి దగ్గు వచ్చింది, అందుకే కళ్లలో నీళ్లొచ్చాయని అంది. మేం నమ్మినట్టే ఉన్నాం.

రాత్రి పిల్ల పడుకున్నాక నేను అక్కకి సారీ చెప్పా. ఆదివారం కొనుక్కొచ్చేది ఏదైనా ఒకటి, అమ్మ చేతి మీదుగా, అది నీ ఇష్టం, నేను మాట్లాడను అన్నా. "ఐస్‌క్రీమ్ అయితే?" అంది. ఐస్‌క్రీమే అన్నా. తర్వాత ఇంకో సంగతి చెప్పింది. పోస్టింగ్‌కి వెళ్లాక తనకీ మెట్లెక్కితే ఆయాసం వస్తోందట. డ్యూటీలో మధ్యాహ్నం టీ బిస్కెట్లతో సరిపెడుతోందట. సోమవారం సెలవు పెట్టించి పరీక్ష చేయించా. తనకీ తక్కువే ఉంది. డాక్టర్ గారు కూతురి ఫైలు పక్కనే తల్లి ఫైలు తెరిచారు. ఇప్పుడు శనివారం బస్సు దిగిన అక్క, సోమవారం వెళ్లేటప్పుడు మా డబ్బాలోంచి ఆరు సున్నుండలు, ఒక పొట్లం మునగాకు పొడి పట్టుకెళ్తుంది.

నెల తర్వాత పరీక్షలో చిట్టికి 10.1 వచ్చింది. మూడు నెలలకి 11.6. దీన్ని నా వంట గొప్పతనంగా చెప్పుకోను. సిరప్ పని సిరప్ చేసింది, పాలు తగ్గించడం తన వంతు చేసింది. వంట చేసిందల్లా పిల్లని మళ్లీ పళ్లెం ముందు కూర్చోబెట్టడం. మీ ఇంట్లో పిల్లలు పాలిపోయి, నీరసంగా, సుద్దలు బలపాలు తింటూ ఉంటే రీల్స్ చూడకండి, పరీక్ష చేయించండి. సిరప్ కూడా మీ అంతట మీరు మొదలెట్టకండి, మోతాదు పిల్ల బరువుని బట్టి ఉంటుంది.

అన్నీ సర్దుకున్నాయని కాదు. దొండకాయ, బీరకాయ ఇప్పటికీ ప్లేటు అంచునే ఉంటాయి. పుట్టినరోజు పార్టీకి వెళ్తే కేకు మీదున్న క్రీమ్ మొత్తం నాకేసి వస్తుంది. జ్వరం వచ్చిన మొన్నటి వారం మూడు రోజులు పాలు తప్ప ఏదీ ముట్టలేదు. అమ్మ నా వైపు చూసింది, నేను ప్యాకెట్లు లెక్కపెట్టలేదు.

నిన్న సాయంత్రం పలక ముందేసుకుని కూర్చుంది. "మావయ్యా, సున్నుండకి ఏ అక్షరం?"

"సు."

"ఎలా రాయాలి?"

రాసి చూపించా. నాలుక బయటపెట్టి, కొమ్ముని ఎడమ వైపుకి తిప్పేసి, రాసింది. చెరిపి మళ్లీ రాసింది. చేతిలో బలపం సగానికి అరిగి ఉంది. చివర్లో పళ్ల గాట్లేమైనా ఉన్నాయేమోనని వంగి చూశా. లేవు.

వంటింట్లోంచి అమ్మ కేకేసింది, డబ్బా ఖాళీ అయింది, రేపు వచ్చేటప్పుడు మినుములు తెమ్మని. ఈసారి కేజీ.